దూరం మారలేదు, దారి మారింది: బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నిజంగా ఎంత దూరం?



గ్లోబు పాఠం వచ్చినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మా అన్న ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇక్కడి నుంచి ఎన్ని కిలోమీటర్లు?" ఫోనులో వెతికితే జవాబు వెంటనే వస్తుంది. బెంగళూరు నుంచి సుమారు 14,000 కి.మీ.

పిల్లల ప్రశ్న అక్కడితో తీరిపోతుంది, పెద్దల ప్రశ్న అక్కడే మొదలవుతుంది. దూరం అంతే ఉన్నప్పుడు ఒక ఏడాది పదిహేడు గంటల్లో అయిన ప్రయాణం ఇంకో ఏడాది ఒక రోజు ఎందుకు పడుతుంది? నేరుగా పోయే విమానం ఏ ఐరోపా నగరంలోనో దిగి ఇంధనం పోసుకొని ఎందుకు వెళుతుంది? అవ్వాతాతలను ఒంటరిగా పంపాలంటే మనకు ఎందుకింత బెంగ?

వార్తల్లో "గగనతలం మూసివేత" అన్న మాట తరచుగా వినిపిస్తోంది. ఆ మాటకు మన ఇంటికి ఉన్న సంబంధం ఏమిటో ఈసారి చూద్దాం. విమానం పోయే దూరాన్ని ముఖ్యంగా మూడు తేలుస్తాయి: భూమి ఆకారం, గాలి, దేశాల అనుమతి. మొదటిది ఎప్పటికీ మారదు. రెండోది రోజూ మారుతుంది, కానీ అంచనా వేయొచ్చు. మూడోది రాత్రికి రాత్రి మారిపోతుంది. దాని ఖర్చు చివరికి మన మీదే పడుతుంది.

గ్లోబు మీద ఒక దారం

గోడ మీది పటంలో బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలుతో గీత గీస్తే, అది పసిఫిక్ మీదుగానో అట్లాంటిక్ మీదుగానో అడ్డంగా పోతుంది. అది దగ్గర దారి కాదు. గుండ్రని భూమిని చదునుగా పరచడంలో వచ్చిన తేడా అది. ఒక దారం తీసుకొని గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య బిగించి పట్టుకోండి. దారం ఉత్తరం వైపు ఎక్కిపోతుంది. మన రాయలసీమ, తెలంగాణ దాటి, హిమాలయాలు, టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం అంచును తాకి, అలాస్కా మీదుగా అమెరికా పడమటి తీరానికి దిగుతుంది. తెలుగు నేల మీదుగా మంచు సముద్రం దాకా పోయే ఈ దారే అన్నిటికంటే దగ్గరిది. దీన్నే మహావృత్త మార్గం అంటారు.

పిల్లలూ, ఈ లెక్క మీరే వేయొచ్చు. అక్షాంశం ఒక డిగ్రీ అంటే సుమారు 111 కి.మీ. బెంగళూరు విమానాశ్రయం 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువానికి 76.8 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో 37.6 డిగ్రీల మీద ఉంది. ధ్రువం నుంచి అక్కడికి 52.4 డిగ్రీలు. రెండూ కలిపితే 129.2 డిగ్రీలు, అంటే సుమారు 14,350 కి.మీ. అంటే సరిగ్గా ధ్రువం నెత్తి మీదుగా పోయినా, దగ్గర దారి కంటే మూడు నాలుగు వందల కిలోమీటర్లే ఎక్కువ! అమెరికాకు పోవడానికి ఉత్తర ధ్రువం చుట్టుదారి అనుకుంటాం కానీ, నిజానికి అది దగ్గర దారికి పక్క వీధి.

2021 జనవరిలో జరిగింది ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటిసారి నేరుగా నడిపిన విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. పైలట్లు నలుగురూ మహిళలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్. సుమారు 17 గంటల ప్రయాణం. జనవరి 11న ఆ విమానం దేవనహళ్ళిలో దిగినప్పుడు మన ఊళ్ళల్లో ఎంతోమందికి అది సొంత ఇంటి వార్తలా అనిపించింది. కొడుకో కూతురో ఇంకొక విమానం మారే పని లేకుండా నేరుగా మన వాకిట్లో దిగొచ్చు అన్నమాట.

దారం చూపించిన దారిలో విమానం అచ్చంగా పోదు. దానికి ఒక కారణం టిబెట్ పీఠభూమి. విమానంలో గాలి పీడనం తగ్గితే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంది. దిగడానికి చోటు ఉండదు. అందుకని వీలైనంత వరకు పక్కనుంచి తిప్పుకొని పోతారు.

గాలి లెక్క

రెండోది గాలి. పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. సైకిల్ తొక్కే పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. ఎదురుగాలికి నాలుగు కిలోమీటర్లు తొక్కడం కంటే, వెనకగాలికి ఐదు కిలోమీటర్లు తొక్కడం తేలిక.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా సరిగ్గా ఈ పనే చేసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అప్పటిదాకా అట్లాంటిక్ మీదుగా పోయే విమానాన్ని పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి సుమారు 13,900 కి.మీ., కొత్త దారి 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. అయినా వెనకగాలి తోడై పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పాత దారి కంటే ముందే! కాబట్టి కిలోమీటర్లు తక్కువ ఉన్నంత మాత్రాన త్వరగా చేరతామని లేదు. పోయేటప్పుడు పట్టే సమయానికీ వచ్చేటప్పుడు పట్టే సమయానికీ టికెట్ మీద తేడా కనిపించేది కూడా ఈ గాలి వల్లే.

ఇక్కడి దాకా అంతా ప్రకృతి లెక్క. దానితో ఎవరికీ తగువు లేదు. తగువంతా మూడోదానితోనే.

ఆకాశానికీ గట్లు ఉన్నాయి

ఊళ్ళో పొలాలున్న వాళ్ళకు దీని సంగతి బాగా తెలుసు. మన చేనికి పోవాలంటే పక్కవాడి గట్టు మీదుగా పోవాలి. వాడు మంచిగా ఉన్నన్నాళ్ళు దారి ఉన్నట్టే మనకు తోచదు. తగువు వచ్చిన రోజు వాడు ముళ్ళకంప అడ్డం వేస్తే, మన చేను అక్కడే ఉన్నా మనకు రెండు మైళ్ళు దూరం అవుతుంది.

ఆకాశం కూడా అంతే. 1944లో అమెరికాలోని షికాగోలో దేశాలన్నీ కూర్చొని రాసుకున్న ఒప్పందంలో మొట్టమొదటి అధికరణమే ఇది: ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి అధికారం ఉంటుంది. ఇంకొక దేశపు విమానం ఆ ఆకాశంలోకి రావాలంటే అనుమతి కావాలి, రుసుము కట్టాలి. మామూలు రోజుల్లో ఇది కాగితాల మీద నడిచిపోతుంది, ప్రయాణికుడికి తెలియనే తెలియదు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు పర్యాటకులను చంపిన తర్వాత రెండు దేశాల మధ్య పరిస్థితి ఎలా మారిందో మీకు తెలుసు. ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశంలోకి భారత విమానాలు రాకూడదంది. ఏప్రిల్ 30న మన దేశం పాకిస్తాన్ విమానాలకు అదే మాట చెప్పింది. తర్వాత ఇరువైపులా ఆ గడువును నెలనెలా పొడిగిస్తూ వచ్చారు.

ఈ దెబ్బ అన్ని ఊళ్ళకూ ఒకేలా తగల్లేదు. ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలకు ఎక్కువ తగిలింది. అవి మొదట రాజస్థాన్, గుజరాత్ మీదుగా అరేబియా సముద్రంలోకి దిగి, గల్ఫ్ వైపు చుట్టుకొని పోవాల్సి వచ్చింది. ఎక్కువ దూరం అంటే ఎక్కువ ఇంధనం. ఎక్కువ ఇంధనం అంటే ఎక్కువ బరువు. ఆ బరువును మోయడానికి మళ్ళీ ఇంకాస్త ఇంధనం. ఒక హద్దు దాటాక ప్రయాణికులనైనా సరుకునైనా తగ్గించుకోవాలి, లేదా మధ్యలో దిగాలి. పైలట్లు ఏకధాటిగా ఇన్ని గంటలే పని చేయాలన్న నియమం ఒకటి ఉంది. అందుకే ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు వియన్నాలో, కోపెన్‌హాగన్‌లో ఆగి వెళ్ళాయి. ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపేశారు. పాత విమానాలను బాగుచేయడానికి పంపడం వల్ల వచ్చిన కొరతతో పాటు, ఈ మూసివేత కూడా దానికి కారణమని సంస్థ చెప్పింది.

అన్నిటికంటే బాగా అర్థమయ్యే ఉదాహరణ తాష్కెంట్. ఢిల్లీ నుంచి ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు నేరుగా సుమారు 1,600 కి.మీ. ఢిల్లీ నుంచి మన బెంగళూరుకు సుమారు 1,700. అంటే ఢిల్లీకి బెంగళూరు కంటే తాష్కెంటే దగ్గర! కానీ దారిలో పాకిస్తాన్ ఆకాశం ఉంది. అది మూసుకోగానే ఇండిగో తన తాష్కెంట్, అల్మాటీ విమానాలను ఆపేసింది. చుట్టుదారిలో పోవాలంటే ఆ సంస్థ దగ్గరున్న చిన్న విమానాలకు అంత దూరం ఎగిరే శక్తి లేదు. కర్ణాటక నుంచి, ఆంధ్ర, తెలంగాణల నుంచి వైద్య విద్య కోసం మధ్య ఆసియాకు పోయే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఇది పటం మీది సంగతి కాదు.

పిట్టపోరు పిల్లి తీర్చినట్టు

మరి ఈ మూసివేతతో లాభం ఎవరికి?

ఇంతకు ముందు 2019లో, బాలాకోట్ దాడి తర్వాత, ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా పాకిస్తాన్ ఆకాశం ఇలాగే మూసుకుంది. అప్పటి పౌర విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం, జులై 2 నాటికి ఒక్క ఎయిర్ ఇండియాకే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. మిగతా మూడు సంస్థలతో కలిపితే సుమారు 549 కోట్లు. అప్పట్లో ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థ, అంటే ఆ డబ్బు మనందరిదీ. 2025లో మూసివేత ఏడాది పాటు సాగితే సుమారు 60 కోట్ల డాలర్లు నష్టపోతామని ఎయిర్ ఇండియా ప్రభుత్వానికి రాసినట్టు వార్తలు వచ్చాయి.

పాకిస్తాన్‌కు కూడా లాభం లేదు. తన ఆకాశంలో పోయే విమానాల నుంచి వచ్చే రుసుము పోయింది. 2025 ఏప్రిల్ 24 నుంచి జూన్ 30 దాకా 410 కోట్ల పాకిస్తాన్ రూపాయల ఆదాయం తగ్గిందని ఆ దేశ రక్షణ శాఖే తమ పార్లమెంటులో చెప్పింది.

ఇద్దరికీ నష్టమే. మరి లాభం? మూసివేత భారత విమాన సంస్థలకు మాత్రమే. వేరే దేశాల సంస్థలు ఎప్పటిలాగే పాకిస్తాన్ మీదుగా పోతున్నాయి. త్వరగా చేరాలనుకునే ప్రయాణికుడు ఎటు చూస్తాడు? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా ఆకాశం మూసుకుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు నేరుగా సుమారు 7,800 కి.మీ. తొమ్మిది గంటల ప్రయాణం ఒక్కసారిగా పదమూడు గంటలైంది. కొన్నిసార్లు ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. మన బెంగళూరు కూడా ఆ దెబ్బ తింది. సియాటిల్ నుంచి బెంగళూరుకు నేరుగా విమానం నడుపుతామని అమెరికన్ ఎయిర్‌లైన్స్, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నడుపుతామని యునైటెడ్ ప్రకటించాయి. మొదట కరోనా వల్ల వాయిదా పడ్డాయి, తర్వాత రష్యా మీది దారి పోయింది. ఆ రెండూ మొదలు కాలేదు. ఎక్కడో జరిగే యుద్ధం దేవనహళ్ళి విమానాశ్రయం బోర్డు మీద ఒక వరుసను ఇలా చెరిపేసింది.

రష్యా మీదుగా పోగలిగిన వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసలోని మగదాన్‌లో దిగింది. అందులోని రెండు వందల మందికి పైగా ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా ఆ చిన్న ఊళ్ళోనే ఉండాల్సి వచ్చింది. దగ్గర దారి ఎప్పుడూ తేలిక దారి కాదని ఆ రోజు తెలిసింది.

మా మాట

దేశ భద్రత కోసం ప్రభుత్వం తీసుకునే నిర్ణయం మీద తీర్పు చెప్పడం ఒక బడి పని కాదు. ప్రాణాలు పోయిన చోట విమాన టికెట్ ధర గురించి మాట్లాడటం చిన్న మాటగా కూడా అనిపిస్తుంది. కానీ ఒక మాట చెప్పుకోవాలి. ఆకాశం మూసినప్పుడు ఖర్చు అందరి మీదా సమానంగా పడదు. డబ్బున్నవాడు ఇంకో సంస్థ టికెట్ కొనుక్కుంటాడు. కష్టమంతా, అప్పు చేసి పిల్లవాణ్ణి ఆగస్టులో కాలేజీకి పంపే తండ్రిది. కాన్పుకు కూతురి దగ్గరకు పోతూ ఇంగ్లీషు రాక, కన్నడం, తెలుగు మాత్రమే వచ్చిన తల్లిది. మోకాళ్ళ నొప్పితో ఇరవై గంటలు కూర్చోవాల్సిన తాతది.

అందుకే ఈ ఖర్చు లెక్క దాపరికం లేకుండా జనానికి తెలియాలి. 2025 ఏప్రిల్ చివర్లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అన్ని సంస్థలకూ కొన్ని సూచనలు చేసింది: ప్రయాణం ఎంత పెరుగుతుందో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో ప్రయాణికులకు ముందే చెప్పాలి, తిండి, నీళ్ళు, మందులు సరిపడా ఉంచాలి. మంచి మాటే. అది అమలు కావాలంటే అడిగేవాళ్ళు ఉండాలి. అడగడం మన పని.

తల్లిదండ్రులకు నాలుగు సూచనలు

ఒకటి. టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు, "నేరుగా" అన్న మాట చూసి ఆగిపోకండి. మొత్తం గంటలు ఎన్ని, మధ్యలో ఆగుతుందా, ఆగితే విమానం దిగాలా, లోపలే కూర్చోవాలా అని అడగండి. దిగి వేరే విమానం ఎక్కాలంటే ఆ దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో ముందే చూసుకోండి.

రెండు. చవకగా వస్తోందని రెండు సంస్థల టికెట్లు విడివిడిగా కొనకండి. మొదటి విమానం చుట్టుదారిలో ఆలస్యమైతే, రెండోది తప్పిపోయినా రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఒకే బుకింగ్ కింద ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్ళదే.

మూడు. పెద్దవాళ్ళకు రెండు మూడు రోజులకు సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టండి. చక్రాల కుర్చీ కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పండి. దిగే చోట తీసుకుపోయేవాళ్ళ పేరు, ఫోను నంబరు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి జేబులో పెట్టండి. ఫోను ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితం అయిపోదు.

నాలుగు. కాలేజీలో చేరే తేదీకి ఒక్క రోజు ముందు దిగేలా పిల్లలకు టికెట్ తీయకండి. కనీసం మూడు నాలుగు రోజుల తేడా ఉంచండి. విమానం రద్దయితే వేరే విమానం గానీ డబ్బు వాపసు గానీ అడిగే హక్కు మీకు ఉంది. తొందరపడి వాళ్ళు ఇచ్చిన మొదటి మాటకే ఒప్పుకోకండి.

పిల్లలకు ఇంటి పని

గ్లోబు, దారం, స్కేలు తీసుకోండి. గ్లోబు లేకపోతే బడి గ్రంథాలయంలో ఉంది, వచ్చి అడగండి.

మొదట మీ ఊరి నుంచి మీ చుట్టాలు ఉండే ఏదైనా దూరపు నగరానికి దారం బిగించండి. దారం ఏయే దేశాల మీదుగా పోతుందో రాయండి. తర్వాత వాటిలో ఒక దేశం "మా మీదుగా రావద్దు" అన్నదనుకోండి. ఆ దేశాన్ని తప్పించి దారాన్ని పక్కకు జరిపి మళ్ళీ కొలవండి. ఎంత పెరిగింది?

పెద్ద తరగతుల పిల్లలకు ఇంకో లెక్క. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, భూమికి అటొకటి ఇటొకటిగా, సరిగ్గా ఎదురెదురుగా రెండు ఊళ్ళు ఉన్నాయనుకోండి. అక్షాంశం వెంబడే పోతే ఎంత దూరం? ధ్రువం మీదుగా పోతే ఎంత? మొదటిది సుమారు 15,300 కి.మీ., రెండోది సుమారు 11,100 కి.మీ. వస్తుంది. ఎలా వచ్చిందో మీరు చేసి చూపించాలి.

చేసినవాళ్ళు కాగితం మీ సోషల్ టీచరుకు ఇవ్వండి. తేడా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాశాక, కింద ఒక్క వాక్యం కూడా రాయండి: ఆ ఎక్కువ దూరం వల్ల మీ ఇంట్లో ఎవరికి కష్టం? మార్కులు లెక్కకు వేస్తాం. మేం శ్రద్ధగా చదివేది మాత్రం ఆ వాక్యాన్నే.